చేతికి పని – మనసుకు నెమ్మది



ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని మన సంఘం వారు కోరినారు. బీపీ, షుగరు గురించి డాక్టర్లు రాస్తారు. ముప్పై ఏండ్లకు పైగా పంచాయతి సమితిలో, తర్వాత మండల ఆఫీసులో గుమాస్తాగిరీ చేసిన నేను మన ప్రాంతపు చేతిపనుల చరిత్ర కొంత రాయగలను. అదీ ఆరోగ్యానికి సంబంధించినదేనని నా అభిప్రాయం. ఎందువలనో మనవి చేస్తాను.

మా చిన్నతనంలో జగిత్యాల, కోరుట్ల వైపు ఊళ్ళల్లో బొంత లేని ఇల్లు అరుదు. పాత నూలు చీరలు, ధోవతులు పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో వరుస కుట్లు వేసేవారు. ఎండకాలం మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్ళు బొంత చుట్టూ కూర్చుంటే, కుట్టు అంచు నుంచి నడుమకు జరిగేకొద్దీ ఇంటి బాధలు, పంట బాధలు మాటల్లో బయటికి వచ్చేవి. ఆ పనికి ఖర్చు లేదు, గడువు లేదు. మా చిన్న తమ్ముడు పోయిన ఏడు మా అమ్మ మూడు బొంతలు కుట్టింది. ఎవరూ కుట్టమనలేదు, ఇంట్లో అవసరమూ లేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు గాని, ఆమెకు అదే మందు అయిందని ఇప్పుడు తెలుస్తున్నది.

తరువాత కుట్టు మిషను వచ్చింది. అమెరికాలో ఐజాక్ సింగర్ తన మిషనుకు పేటెంటు పొందినది 1851లో. మన దేశంలో ఉషా మిషన్లు 1930లలో కలకత్తాలో మొదలైనవి. 1952లో సమాజాభివృద్ధి పథకం, 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, 1959లో మన రాష్ట్రంలో పంచాయతి సమితులు వచ్చినవి. వీటి వెంట పల్లెలకు మహిళా మండళ్ళు, కుట్టు శిక్షణ చేరినవి. మా ఆఫీసు స్టాకు రిజిస్టరులో మిషన్ల పద్దు నేనే రాసేవాణ్ణి. జాకెట్టు కుట్టు నేర్చి నాలుగు పైసలు సంపాదించినవారు ఉన్నారు. సంపాదన లేకున్నా, రోజుకు రెండు గంటలు ఇల్లు దాటి పదిమందిలో కూర్చున్నందుకే మొహం తేటపడినవారినీ చూసినాను. రిజిస్టరులో దానికి కాలం లేదు.

కోరుట్ల పక్కన మెట్‌పల్లి ఖాదీ మనందరికీ తెలిసినదే. గాంధీజీ 1925లో అఖిల భారత చరఖా సంఘం స్థాపించినారు. ఆయన ఎరవాడ జైలులో కూడా రాట్నం విడువలేదు. దేశానికి నూలు, తనకు ప్రశాంతత రెండూ రాట్నంలో దొరికినవి.

ఇది మన దేశంలో మాత్రమే తెలిసిన విషయం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన, మనసు చెదిరిన సైనికులకు ఆసుపత్రులలో నేత, బుట్టల అల్లిక, ఎంబ్రాయిడరీ నేర్పినారు. 1975లో అమెరికా డాక్టరు హెర్బర్ట్ బెన్సన్, ఒకే మాటనో ఒకే కదలికనో మెల్లగా తిరిగి తిరిగి చేస్తుంటే శ్వాస, గుండె వేగం నెమ్మదిస్తాయని తన పుస్తకంలో వివరించినారు. జపమాల తిప్పే మనవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. సూదీ అటువంటిదే.

అయితే చేతిపని అంతా సుఖమే అని రాస్తే సిరిసిల్ల వారు నన్ను క్షమించరు. అక్కడ పద్మశాలీల ఇళ్ళల్లో గుంట మగ్గాలు ఆడేవి. మగవారు నేస్తే ఆడవారు, పిల్లలు కండెలు చుట్టేవారు. బతుకుదెరువుకు భివండి, సోలాపూరు పోయినవారు మరమగ్గాల పని నేర్చి వచ్చినారు. క్రమంగా పట్నమంతా మరమగ్గాల చప్పుడైంది. పేక వేగం మనిషి చేతిలో నుంచి మోటారుకు పోయింది. దారం ధర, గుడ్డ ధర, కరెంటు బిల్లు, అప్పు వడ్డీ ఏదీ నేతగాని చేతిలో లేదు. 1990ల చివరి నుంచి అక్కడ జరిగిన ఆత్మహత్యలు మనం మరువరానివి. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరల ఆర్డరు కొంత ఊపిరి పోసింది. ఆర్డరు ఆగితే మళ్ళీ దిగులే.

అదే సిరిసిల్లలో నల్ల పరంధాములు గారు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసినారు. ఎల్ది హరిప్రసాద్ గారు జీ-20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి పంపితే 2022 నవంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో చెప్పినారు. పట్నం ఒకటే, నేత ఒకటే. అప్పు కింద నేసిన గుడ్డకు, ఇష్టంతో నేసిన గుడ్డకు ఇంత తేడా ఉన్నది. మనసుకు నెమ్మదినిచ్చేది కూలికీ గడువుకీ భయపడని పని. పొట్టకు పనిచేసే వారికి ముందు గిట్టుబాటు కావాలి. ఆ తరువాతనే ప్రశాంతత మాట.

మనకు నెలనెలా పెన్షను వస్తున్నది. అందువలన ఆ నెమ్మది మనకు అందుబాటులో ఉన్నది. కాని మనలో చాలామంది మగవారు, సూది పట్టడం ఆడవాళ్ళ పని అనుకొని, టీవీ ముందో అరుగు మీదో పొద్దు గడుపుతున్నారు. దర్జీలు, నేతగాళ్ళు మగవారు కారా? గుండీ కుట్టడం, చేసంచి కుట్టడం, నులక మంచం అల్లడం ఏదైనా సరే. మంచి వెలుతురులో కూర్చోండి, పెద్ద కన్ను గల సూది తీసుకోండి, అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. కంటి ఆపరేషను అయినవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

మరొక్క మనవి. కుట్టుకూలి దగ్గర, నేత చీర దగ్గర పది రూపాయలకు బేరమాడకండి. మన డీఏ ఒక నెల ఆలస్యమైతే మనం ఎంత గోల చేస్తామో గుర్తుంచుకుంటే చాలు.