గుండెకు అణువుల సాయం

అణువు అనగానే మనలో చాలామందికి 1945లో హిరోషిమా మీద పడిన బాంబే జ్ఞాపకం వస్తుంది. మా వీధిలో ఒక చాచాకు డాక్టరుగారు థాలియం స్కాన్ రాసిస్తే, "ఒంట్లోకి అణువిషం ఎక్కిస్తారా మాస్టర్ సాబ్?" అని చీటీ మడిచి జేబులో పెట్టేసుకున్నారు. అందుచేత ఈ పరీక్ష చరిత్ర నాలుగు మాటల్లో చెప్పదలచాము.

1920లలో అమెరికాలోని బోస్టన్‌లో హెర్మన్ బ్లుమ్‌గార్ట్ అనే వైద్యుడు రేడియోధార్మిక పదార్థాన్ని ఒక చేతి సిరలోకి ఎక్కించి, అది రెండో చేతికి ఎన్ని సెకన్లలో చేరుతుందో కొలిచాడు. ఈ శాస్త్రానికి అదే నాంది. 1950ల చివరలో కాలిఫోర్నియాలో హాల్ యాంగర్ గామా కెమెరా తయారుచేశాడు. 1973లో బారీ జారెట్, విలియం స్ట్రాస్, వారి సహచరులు రోగులచేత వ్యాయామం చేయించి, పొటాషియం-43తో గుండెలో రక్తం చాలని చోటును పట్టి చూపారు. కొద్దికాలానికే కెమెరాకు మరింత అనువైన థాలియం-201 వచ్చింది.

ఇందులోని కిటుకు ఏమిటి? బెంచీ మీద కూర్చున్న పిల్లవాడి దమ్ము మాకు తెలియదు, మైదానంలో పరుగెత్తిస్తేనే తెలుస్తుంది. గుండె సంగతీ అంతే. సన్నబడిన రక్తనాళం విశ్రాంతిలో ఎలాగో నెట్టుకొస్తుంది, శ్రమలో చాలదు. బతికున్న గుండె కండరం థాలియాన్ని పొటాషియం లాగే లోపలికి తీసుకుంటుంది. కాబట్టి శ్రమ తర్వాత ఒక బొమ్మ, మూడు నాలుగు గంటలాగి ఇంకో బొమ్మ తీస్తారు. మొదటిదాంట్లో కనిపించిన వెలితి రెండోదాంట్లో నిండితే కండరం బతికే ఉంది, రక్తమే చాలడం లేదన్నమాట. రెండింటిలోనూ నిండకపోతే చాలాసార్లు అది పాత గుండెపోటు మచ్చ.

థాలియం ధార్మికత సగానికి తగ్గడానికి సుమారు 73 గంటలు పడుతుంది. 1990 నుంచి వాడుకలోకి వచ్చిన టెక్నీషియం మందుకు 6 గంటలే చాలు. అయినా జనం నోట థాలియం పేరే నిలిచింది. గర్భిణీలు మాత్రం ముందుగానే డాక్టరుకు చెప్పాలి. ఈ పరీక్షకూ హద్దులున్నాయి. మూడు ప్రధాన నాళాలూ ఒకేలా సన్నబడితే వెలితి తేలకపోవచ్చు. అందుకే ఆఖరి మాట డాక్టరుదే.

చాచాను చివరికి మేమే వెంటబెట్టుకొని వెళ్లాము. ఆయన బొమ్మలో వెలితి రెండోసారికి నిండింది. అంటే చికిత్సకు ఇంకా వేళ మించలేదు. ఛాతీ నొప్పిని గ్యాసని సోడా తాగి సరిపెట్టుకునే పెద్దలు మన ఇళ్లలో ఎందరో! వారి జేబుల్లో కూడా ఇలాంటి చీటీ ఉందేమో, ఒకసారి అడిగి చూడండి.