కోడిపిల్లలలో పుంజు, పెట్టల గుర్తింపు

పొదిగిన ఇరువదియొకటవ దినమున పెంకు పగిలించుకొని వెలువడిన కోడిపిల్ల పెరిగి పుంజగునో, పెట్టయగునో ముందుగా నిర్ణయించు విద్యకు కోడిపిల్లల లింగనిర్ణయమని పేరు. దూడను, మేకపిల్లను పుట్టిన క్షణమున చూచి చెప్పినట్లు కోడిపిల్లను చూచి చెప్పుటకు వీలులేదు. ఏలయన పక్షులలో జననాంగములు దేహములోపలనే యిమిడియుండును. అందుచేత మానవుడు చిరకాలము ఆ పిల్ల తన గుట్టు తానే బయటపెట్టు వయస్సు వచ్చుదాక వేచియుండెను. ఈ విద్య యొక్క చరిత్ర, సంగ్రహముగా చెప్పవలెనన్న, ఆ నిరీక్షణకాలము మూడు నెలలనుండి ఒక్క దినమునకును, అటనుండి గ్రుడ్డు లోపలికిని కుదించుకొనివచ్చిన చరిత్ర.

పెరటి పరీక్ష

నాగర్‌కర్నూలు జిల్లాలోని బిజినేపల్లి మండలమునందును, దానిచుట్టునున్న పాలమూరు పల్లెలయందును నాటుకోడి ఇంటి ఆడువారి చేతిసొమ్ము. పగలెల్ల వాకిళ్ళలోను పెంటకుప్పలమీదను కెలకుచు మేసి, మాపటికి గంపక్రింద చేరు ఆ కోళ్ళలో పెట్టను గ్రుడ్లకును, పొదుగుటకును నిలుపుకొందురు; పుంజు పోచమ్మకో మైసమ్మకో మ్రొక్కుబడిగను, ఇంటికి వచ్చిన చుట్టమునకు కూరగను, అక్కరపడినప్పుడు అంగడిలో రొక్కముగను మారును. కావున ఏ పిల్ల యేదియో తెలిసికొనుట వారికి ముచ్చట మాత్రమే కాక సంసారపు లెక్కయు నగును.

ఆ లెక్క కన్నులతోనే జరుగును. నాలుగైదు వారములు నిండునప్పటికి పుంజుపిల్ల తలపై జుట్టు మందమై ఎఱ్ఱబారును. పెట్టపిల్లకు అది సన్నముగా, పాలిపోయి యుండును. పుంజుపిల్ల కాళ్ళు లావుగా, నిలువు నిటారుగా నుండును. పెట్టపిల్లకు రెక్కలును తోకయు ముందుగా నిండును. పది పండ్రెండు వారములకు తిరుగులేని సాక్ష్యము లభించును. మెడమీదను, తోకమొదలునకు ముందు నడుముమీదను మొలచు ఈకనొక్కదానిని వ్రేళ్ళతో విడదీసి చూచినచో పుంజునకు అది సన్నమై, నిగనిగలాడుచు, కొస బల్లెపు మొనవలె వాడియై కనబడును; పెట్టకు అదే స్థలమున కొస గుండ్రముగా నుండును. కూత సాధారణముగా మూడు నాలుగు నెలలకు వచ్చును. కాలి ముల్లు చాల ఆలస్యముగా ఎదుగుటయే కాక కొన్ని ముదురు పెట్టలకును మొలచును గనుక అది నమ్మదగిన గుర్తు కాదు.

ఐనను ఈ గుర్తులన్నియు అన్ని జాతులకు సమానముగా వర్తింపవు. తెలుగునాట నాటుకోళ్ళు పెక్కింటిలో అసీలు రక్తము కలిసియున్నది. అసీలు జుట్టు బఠాణీగింజల వరుసవలె అణగి చిన్నదై యుండుటచే, జుట్టునే నమ్మినవాడు పుంజును పెట్టయని భ్రమపడుట కలదు. మధ్యభారతపు కడక్‌నాథునకు జుట్టే నల్లన. అక్కడ ఎఱ్ఱదనము ప్రమాణము కాజాలదు. ఇట్టిచోట్ల ఈకయే శరణ్యము.

ప్రాచీనుల ఊహలు

గ్రుడ్డును చూచియే పిల్లను చెప్పవలెనను కోరిక మిక్కిలి పురాతనము. రోమను వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా క్రీ.శ. మొదటి శతాబ్దమున, పుంజులు కావలెనన్న పొడవై మొనతేలిన గ్రుడ్లను, పెట్టలు కావలెనన్న గుండ్రని గ్రుడ్లను పొదుగ పెట్టుమని విధించెను. అంతకు నాలుగు శతాబ్దములకు ముందే అరిస్టాటిల్ సరిగా దీనికి విరుద్ధముగా వ్రాసియుండెను. ఇరువురి మాటకును ఆధారము లేదు. గ్రుడ్డు ఆకారము పెట్ట గర్భనాళపు నిర్మాణమును బట్టి యేర్పడును గాని లోపలి పిల్లను బట్టి కాదు.

తెలుగు వాఙ్మయమున కోడిపుంజునకు ఘనమైన స్థానమున్నది. దండి దశకుమారచరితములోని కోడిపందెపు ఘట్టమును పదమూడవ శతాబ్దమున కేతన తెనిగించెను. క్రీడాభిరామము ఓరుగల్లు వీథులలోని పందెమును వర్ణించెను. పల్నాటి వీరుల కథకు బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపోరే మలుపు. పందెగాండ్రు డేగ, కాకి, నెమలి, పర్ల యని రంగులను బట్టి పుంజులను విభజించి, వాని జయాపజయములను తిథివారములతో ముడివేసి, కుక్కుటశాస్త్రమనునొక సంప్రదాయమునే పెంచిరి. అంత సూక్ష్మముగా పుంజును పరీక్షించిన ఆ శాస్త్రము ఎదిగిన పక్షితోనే ఆరంభమగును. పసిపిల్లతో దానికి పనిలేకపోయెను.

ప్రకృతిలోని హేతువు

మనుష్యులలో శిశువు లింగము తండ్రి బీజముచే నిర్ణీతమగుచుండగా, కోళ్ళలో ఆ యధికారము తల్లిది. పుంజునకు రెండును జెడ్ క్రోమోజోములే. పెట్టకు ఒకటి జెడ్, ఒకటి డబ్ల్యు. ఏ గ్రుడ్డున ఏది చేరునో దానిని బట్టి పిల్ల ఏర్పడును గనుక మొత్తముమీద సగము పుంజులు, సగము పెట్టలుగ పుట్టుట సహజము. మరియొక విశేషమేమన, పుంజు ధరించు వాడి ఈకలే ఆ జాతికి మూలవేషము. పెట్ట అండాశయమునుండి స్రవించు రసము వానిని గుండ్రని ఈకలుగ మార్చును. పెట్టకు ఎడమ అండాశయ మొక్కటియే పనిచేయును. అది వ్యాధిచే చెడినచో ముసలిపెట్ట పుంజు ఈకలు తొడిగి కూయుటయు కద్దు. 1474లో స్విట్జర్లాండులోని బాజెల్ నగరమున గ్రుడ్డు పెట్టినదను నేరముపై ఒక పుంజును విచారించి దహించిరి. అది బహుశః ఇట్టి రోగపీడితయైన పెట్టయే కావచ్చును.

ఒక్కనాటి పిల్ల

ఇరువదవ శతాబ్దమున విద్యుత్పొదుగుయంత్రములు వేలకొలది పిల్లలను ఒకేనాడు పుట్టింపగా, గ్రుడ్లకొరకే కోళ్ళను పెంచు వ్యాపారులకు పుంజుపిల్ల వృథావ్యయముగ తోచెను. దీనికి మార్గము జపానులో దొరకెను. మసుయి కియోషి, హషిమోతో జూరో అను శాస్త్రజ్ఞులు ఒక్కదినపు పిల్ల విసర్జనద్వారమును మెల్లగా తెరచినచో పుంజుపిల్లలో గుండుసూది తలయంతటి పొక్కు కనబడునని కనుగొనిరి. 1927లో కెనడాలోని ఆటవా నగరమున జరిగిన ప్రపంచ కుక్కుట మహాసభలో ఈ సంగతి లోకమునకు వెల్లడియయ్యెను. నిపుణుడు పిల్లను ఎడమచేత పట్టి, రెట్టను నొక్కి తీసి, బొటనవ్రేలితో ద్వారమును విచ్చి, దీపపు వెలుగున ఒక్క చూపు చూచి, కుడి యెడమల పెట్టెలలో వేయును. కొన్ని పెట్టపిల్లలకును అట్టి పొక్కు ఛాయ ఉండుటచే ఈ విద్య పుస్తకమున పట్టుబడక, వేలకొలది పిల్లలమీద చేయి తిరిగినప్పుడే వశమగును. ఆరితేరినవారు గంటకు సుమారు వేయి పిల్లలను చూతురు.

దీనికి సమాంతరముగా వంశశాస్త్రము వేరొక త్రోవ తీసెను. చారల ఈకల గుణము జెడ్ క్రోమోజోమునందున్నందున, చారల పెట్టను చారలులేని పుంజుతో కలిపినచో పుట్టిన పుంజుపిల్లల నెత్తిమీద మాత్రమే తెల్లని మచ్చ యుండును. ఇంగ్లండులో పన్నెట్ పండితుడు ఇట్టి గుణములను వినియోగించి, 1920ల చివర కేంబ్రిడ్జిలో రంగును బట్టియే తెలియు కాంబార్ అను జాతిని రూపొందించెను. ఈకల ఎదుగుదల వేగమును బట్టియు నిట్లే నిర్ణయింతురు. అట్టి సంకరములో పుట్టిననాడు రెక్క విప్పినచో పెట్టపిల్లకు పెద్ద ఈకలు పైకప్పు ఈకలకంటె పొడవుగా, పుంజుపిల్లకు రెండును సమముగానో పెద్దవే పొట్టిగానో యుండును. తల్లిదండ్రుల జాతిని కోరి జతపరచినచోటనే ఈ ఉపాయములు చెల్లును; కలగలుపు నాటుకోళ్ళలో రెక్క విప్పి చెప్పిన జోస్యము ఊహ మాత్రమే.

తెలుగునాట

హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో 1988లో వెలసిన కేంద్రప్రభుత్వ కోళ్ళ పరిశోధనాసంస్థ పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ రకములను రూపొందించెను. రాజశ్రీ యనునది అచటి పశువైద్య విశ్వవిద్యాలయపు కృషి. ఇట్టి పిల్లలను మొదటి వారములలో వెచ్చదనమిచ్చి సాకి, కాస్త ఎదిగినపిదప రైతులకిచ్చు పద్ధతి యున్నది. ఐదారు వారముల ఆ వయస్సున జుట్టు కొంత తెలుపును గనుక, కొనువారు పెట్టలను ఏరుకొనుటకు ప్రయత్నింతురు.

గ్రుడ్ల వ్యాపారమున మాత్రము ఒక్కనాటి నిర్ణయమే నియమమై, పుంజుపిల్లల సంహారము లోకవ్యాప్తమయ్యెను. దీనిపై విమర్శ పెరుగగా జర్మనీ 2022 జనవరి 1 నుండి ఆ సంహారమును నిషేధించెను. పొదుగుదినములలోనే గ్రుడ్డునుండి ద్రవబిందువు తీసియో, కాంతి ప్రసరింపజేసియో లింగము తెలిసికొను యంత్రములు అచట వాడుకలోనికి వచ్చినవి.

ఈ త్వర యెల్ల పుంజునకు విలువలేనిచోటనే పుట్టినదనుట గమనింపదగినది. బిజినేపల్లి పెరటిలో పుంజునకు పెట్టతో సమానమైన అక్కర యుండుటచే, పదిపండ్రెండు వారములు ఆగి మెడయీకను చూచుటవలన ఇల్లాలికి నష్టమేమియు లేదు. ఏ పిల్ల యేదియైనను దానికొక నిర్ణీతమైన ఉపయోగము ముందే యున్నది.