పీలే ఎదుట మన హబీబ్

మా నందిగాం కుర్రాళ్లు బ్రెజిల్ పసుపు చొక్కా తొడుక్కుని జీడితోటల్లో తిరుగుతుంటారు. పీలే ఎవరంటే ఠక్కున చెబుతారు. హబీబ్ ఎవర్రా అంటే తెల్లమొహం వేస్తారు.

1977 సెప్టెంబర్ 24, కలకత్తా ఈడెన్ గార్డెన్స్. వానకి మైదానం చిత్తడి. న్యూయార్క్ కాస్మోస్ తరఫున పీలే దిగాడు. వయసు 36, ఇంకో వారంలో ఆటకు వీడ్కోలు. తోడుగా 1970లో బ్రెజిల్‌కి ప్రపంచకప్ అందించిన కెప్టెన్ కార్లోస్ ఆల్బెర్టో. ఎదురుగా మోహన్ బగాన్, అందులో హైదరాబాద్ అన్నదమ్ములు హబీబ్, అక్బర్. తొలి గోలు ఆల్బెర్టోది. శ్యామ్ థాపా సమం చేశాడు. తర్వాత హబీబ్ కొట్టిన గోలుతో బగాన్ ముందంజ వేసింది! చివరికి కాస్మోస్ ఆటగాడు కినాలియా పెనాల్టీతో 2-2. పీలేకి గోలే లేదు.

హబీబ్ గాలికి పుట్టలేదు. హైదరాబాద్‌లో అంతకుముందే సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే బడి పంతులు ఉండేవాడు. బలహీనమైన కాలితోనే ఆడాలని, బంతిని డ్రిబుల్ చేయకూడదని షరతులు పెట్టి పోటీలు నడిపేవాడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోనే భారత్ సెమీఫైనల్ చేరింది. 1958లో బ్రెజిల్ 4-2-4 వ్యూహంతో ప్రపంచకప్ కొట్టింది. ఆ పద్ధతి రహీమ్ ముందే నేర్పాడని కొందరు వాదిస్తారు. ఆ తగవు నాకక్కర్లేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఆయన జట్టు దక్షిణ కొరియాపై 2-1తో గెలిచింది, నాకది చాలు. మరుసటేడు జూన్‌లో క్యాన్సర్‌తో రహీమ్ పోయాడు.