చింకిపాతల తల్లి

నాలుగు పార్టీలు కలిసి నెట్టుకొచ్చే ప్రభుత్వాన్ని మనం 'అతుకుల బొంత' అనేస్తాం. పొంతన లేని వ్యాసాన్నీ అదే మాటతో కొట్టిపారేస్తాం. తెలుగులో బొంతకు దక్కిన మర్యాద అంతే. ఉత్తర బిహార్ పల్లెల్లో మాత్రం చింకిపాతలకు ఒక అమ్మవారే ఉంది. ఆవిడ పేరు చిటిరియా మా, అంటే చింకిపాతల తల్లి. పీలికకు పీలిక కలిపి కుట్టడమే ఆవిడకు పూజ. ముక్కలన్నీ ఒక పెద్దదానివేననీ, ఎప్పటికైనా దానిలోకే చేరతాయనీ ఆ పూజలోని నమ్మకం. అలా కుట్టే బొంతను సుజని అంటారు.

సుజని కుట్టడం మొదట్లో పుట్టబోయే బిడ్డ కోసమే. ఇంటిల్లిపాదీ కట్టి, ఉతికి, మెత్తబడిన చీరలూ పంచెలూ ఒకదాని మీద ఒకటి పొరలుగా పరిచి కుట్టేవాళ్లు. బిడ్డ ఒంటికి తల్లి ఒడి తగిలినట్టే ఉండాలని వాళ్ల ఆశ. మన ఇళ్లలోనూ పురుడు వెళ్లేదాకా పసిగుడ్డుకు కొత్తబట్ట తొడగరు, పొత్తిళ్లకు పాత చీరే వాడతారు. గంజి గరుకు ఒరుసుకుంటుందని ఒకరంటారు, దిష్టి తగలకూడదని ఇంకొకరంటారు. రెండూ ఒకే పాత చీరతో తీరిపోతాయి.

బొంత మీద ఏ బొమ్మ ఉండాలో కూడా ఆ బిడ్డను బట్టే. సూర్యుడూ చంద్రుడూ, మబ్బులూ, చేపలూ, పిట్టలూ వరసగా వచ్చి కూర్చుంటాయి. వాటి మధ్య రెక్కలున్న వింత జంతువులు కాపలా కాస్తాయి. చెడు దగ్గరికి రాకుండా చూడటం వాటి పని. ఎర్రదారం నెత్తురుకు గుర్తు, అంటే ప్రాణానికి. పసుపుదారం సూర్యుడికి గుర్తు. ప్రకృతి మొత్తాన్నీ పిలిచి బిడ్డ చుట్టూ కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

పేరు ఎలా వచ్చిందన్న దాని మీద రెండు వాదాలున్నాయి. 'సు' అంటే మంచి, 'జని' అంటే పుట్టుక, కాబట్టి సుఖప్రసవం కోరే బొంత అన్నది ఒకటి. పారసీకంలో సూదికి 'సూజన్' అని పేరు, కనుక సూదిపని అన్నది రెండోది. మధ్య ఆసియాలో సూజనీ అనే కుట్టుపని తెరలు ఉండనే ఉన్నాయి కాబట్టి రెండోదాన్ని తోసెయ్యలేం. నాకైతే మొదటిదే నచ్చుతుంది. రుజువు చెప్పమంటే మాత్రం నా దగ్గర లేదు.

కుట్టే తీరు చూస్తే సులువుగానే కనిపిస్తుంది. బొమ్మ అంచున నల్లదారంతోనో ముదురు గోధుమరంగు దారంతోనో గొలుసుకుట్టు వేస్తారు. లోపల రంగుదారంతో సన్నని రన్నింగ్ స్టిచ్ వరసలు నింపుతారు. అసలు శ్రమంతా ఆ తర్వాత మొదలవుతుంది. బొమ్మలు లేని ఖాళీ జాగానంతా గుడ్డ రంగు దారంతోనే కుట్టుకుంటూ పోతారు. ఆ కుట్లు కంటికి ఆనవు. చేత్తో తడిమితే తెలుస్తాయి, గాలికి చెరువు నీళ్లు ముడతలు పడ్డట్టు. పొరలన్నీ కలిసి ఒక్క గుడ్డ అయ్యేది ఆ కనబడని కుట్ల వల్లే. మా నాయనమ్మ దబ్బనంతో వేసే కుట్టు బారెడు దూరం నుంచి కూడా కనబడేది. ఆవిడ బొంత గట్టిగా ఉంటే చాలనుకునేది, అందం సంగతి తర్వాత.

సుజనికి పొరుగున బెంగాల్లో ఒక తోబుట్టువు ఉంది, కాంథా. మన 'కంథ' అదే మాట. వీధిలో దొరికిన పీలికలతో కుట్టిన కంథ కప్పుకున్న యోగి భజగోవిందంలో కనిపిస్తాడు. పాత చీర అంచుల నుంచి లాగిన రంగుదారాలతోనే కాంథాను కుట్టేవాళ్లు. నడిమధ్య విచ్చుకున్న తామర, నాలుగు మూలలా నాలుగు చెట్లు ఉంటాయి. కోల్‌కతా దగ్గర జోకాలోని గురుసదయ మ్యూజియంలో మానదాసుందరి అనే ఆమె 19వ శతాబ్దంలో కుట్టిన కాంథా ఉంది. తండ్రి కోసం కుట్టి, ఆ సంగతిని దాని మీదే అక్షరాలుగా కుట్టింది. కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1939లోనే కాంథా మీద వ్యాసం రాసింది. ఆవిడ కూడబెట్టిన కాంథాలు అమెరికాలోని ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు చేరాయి.

మరి పాత సుజనీలు ఎందుకు దొరకవు? వాటిని వాడుకున్నారు కాబట్టి. 16, 17 శతాబ్దాల్లో పోర్చుగీసు వర్తకులు బెంగాల్‌లోని సాత్‌గావ్ నుంచి టస్సర్ పట్టుదారపు బొంతలు ఓడలకెత్తారు. అవి లండన్, లిస్బన్ మ్యూజియాల్లో ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. అమ్మకానికి కుట్టినవి నిలిచాయి. బిడ్డ కోసం కుట్టినవి బిడ్డతో పాటే పెరిగి, మాసి, చిరిగి, ఇంకో బొంతలో పొరగా కలిసిపోయాయి. చిటిరియా మా నమ్మకం ప్రకారం జరగాల్సింది కూడా అదే కదా!

ఆ తర్వాత సుజని దాదాపు మరుగున పడింది. ముజఫర్‌పుర్ జిల్లా భుసురా గ్రామంలో 1988లో దానికి మళ్లీ ప్రాణం పోశారు. 'అదితి' అనే స్వచ్ఛంద సంస్థను నడిపిన విజీ శ్రీనివాసన్ చేయూత ఇచ్చారు, ఊళ్లో నిర్మలాదేవి ఆడవాళ్లను కూడగట్టారు. మహిళా వికాస్ సహయోగ్ సమితి అలా పుట్టింది. దేవతల తల్లి పేరున్న సంస్థ చింకిపాతల తల్లి పనిని నిలబెట్టిందన్నమాట.

చిత్రమంతా ఇక్కడి నుంచే. ఇప్పుడు బొంత మీదికి ఊరు వచ్చింది. కొన్ని సుజనీల్లో ఒక పక్క తాగి వచ్చిన మగాడు, కట్నం ఇచ్చే తండ్రి, ముసుగులో ముఖం దాచుకున్న కోడలు ఉంటారు. రెండో పక్క సంతలో సరుకు అమ్ముకునే ఆడది, సభకు అధ్యక్షత వహించే ఆడది ఉంటారు. ఎన్నికల గొడవలూ, ఆడపిల్లల చదువూ, ఆడశిశువుల హత్యా, ఎయిడ్స్ కూడా కుట్లలోకి ఎక్కాయి. పుట్టిన బిడ్డను కీడు నుంచి కాపాడటానికి వెనకటి ఆడవాళ్లు రెక్కల జంతువుల్ని కుట్టారు. వీళ్లకు ఆ కీడు పేరేమిటో, అది ఏ ఇంట్లో ఉంటుందో తెలుసు. అందుకే దాని బొమ్మే కుట్టారు. దీన్ని ఆచారం చెడటం అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

2006లో బిహార్ సుజనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025లో నిర్మలాదేవికి పద్మశ్రీ వచ్చింది.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. బజారుకొచ్చే సుజని ఇప్పుడు ఎక్కువగా కొత్తబట్ట మీద కుట్టిందే. ఇంకొకరు కట్టి విడిచిన చీరను డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు తక్కువ కాబట్టి ఆ ఆడవాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకు పూట గడవాలి. కానీ చింకిపాతలే లేకపోతే చింకిపాతల తల్లికి ఇక మిగిలింది పేరే.

హస్తకళల మేళాలో ఎప్పుడైనా సుజని కనబడితే వెనక్కి తిప్పి చూడండి. మిషన్ కుట్టయితే ఎక్కడా తెగని గీతలా సాగుతుంది. చేతికుట్టయితే రెండు వైపులా చుక్కచుక్కలుగా, కాస్త హెచ్చుతగ్గుగా ఉంటుంది. ఆ హెచ్చుతగ్గున్నదే కొనండి, బేరమాడకుండా.