హుల్ పటం మీద రైలు గీత

జూన్ 30 హుల్ దినం. 1855లో ఆ రోజున నేటి జార్ఖండ్‌లోని భోగ్నాడిహ్‌లో సిద్ధు, కానూ ముర్ము సోదరుల పిలుపు మీద సుమారు 10 వేల మంది సంతాల్ ఆదివాసులు కూడారు. ఆ పోరాటాన్ని మన పిల్లలకు ఉపన్యాసంగా కాక ఆటగా చెప్పాలని ఈ ఏడాది మేము తలపెట్టాం. బల్ల మీద పటం పరిచి, చిన్న బొమ్మలను దళాలుగా నిలిపి, పాచికలు వేసి నడిపే చారిత్రక యుద్ధపు ఆట ఇది.

ముందు పటం గీశాం. దక్షిణాన రాణీగంజ్. హౌరా నుంచి ఈస్టిండియన్ రైల్వే బండి 1855 ఫిబ్రవరికే అక్కడి బొగ్గు గనుల దాకా వచ్చింది. ఉత్తరాన గంగ ఒడ్డున రాజమహల్, పీర్‌పైంతి. నడుమ దామిన్-ఇ-కో, అంటే సంతాల్‌లు అడవి కొట్టి సాగులోకి తెచ్చిన నేల. రాజమహల్ వైపు రైలు కట్ట పనులు అప్పుడే సాగుతున్నాయి. అందుకే మా పటంలో పట్టాలు పడిన దారి నల్ల గీత, పడని దారి చుక్కల గీత.

ఆ చుక్కల దగ్గరే మా చర్చ ఆగింది. ఇలాంటి ఆటల్లో రైలును కాపాడేది ఒక పక్షం, దాని మీద పడేది మరో పక్షం. అలా రాస్తే ఆదివాసీ కారణం లేకుండా దాడి చేసినవాడవుతాడు. చరిత్ర అది కాదు. కట్ట పనిలో రొక్కం కూలి దొరికింది, దాంతో అప్పుల నుంచి బయటపడ్డవారూ ఉన్నారు. అదే కట్ట మీది తెల్ల ఉద్యోగులు మేకలు, కోళ్లు డబ్బివ్వకుండా పట్టుకుపోయారని, ఆడవారిపై అఘాయిత్యాలు చేశారని ఆనాటి ఆంగ్ల రాతలే చెబుతున్నాయి. ఊళ్లో షావుకారి దగ్గర రెండు కొలతలు: కొనడానికి పెద్దదైన కేనారాం, అమ్మడానికి చిన్నదైన బేచారాం. అప్పు తీరకపోతే కమియోతీ పత్రం, వెట్టి. సంతలో దొంగ తూకం సంగతి మన పెద్దలకు వేరే చెప్పాలా? అందుకే మా ఆట యుద్ధంతో మొదలు కాదు. మొదటి నాలుగు వంతులు కూలి, అప్పు, తూకాలతోనే నడుస్తాయి.

తర్వాత కంపెనీ పక్షానికి తుపాకులు, జమీందార్ల సాయం, ముర్షిదాబాద్ నవాబు ఏనుగులు. సంతాల్ పక్షానికి విల్లు, గొడ్డలి, డోలు, ఊరూరా కబురు మోసే సాల కొమ్మ, మన గుగ్గిలం. కొమ్మ చేరని ఊళ్లో బొమ్మ కదలదు. జూలై 16న పీర్‌పైంతి దగ్గర మేజర్ బరోస్ దళాన్ని సంతాల్‌లు ఓడించారు. ఆటలో ఆ అవకాశం ఉంచాం. నవంబర్ 10న సైనిక శాసనం వచ్చాక పాచికలు కంపెనీ వైపే మొగ్గుతాయి.

ఇక గెలుపు ఎవరిది? పడిన బొమ్మలు లెక్కిస్తే కంపెనీదే. 15 వేలకు పైగా సంతాల్‌లు నేలకొరిగారని అంచనా. కానీ ఆ ఏడాదే 37వ చట్టంతో సంతాల్ పరగణాలు వేరు జిల్లాగా ఏర్పడ్డాయి. అది పోరాడి సాధించుకున్నదే. దానికీ పాయింట్లు పెట్టాం.

మా పెద్దాయన ఒకరు ఒక్క మాటే అన్నారు: “పడిన బొమ్మను పెట్టెలో వెయ్యకండ్రా. పడ్డచోటే ఉండనివ్వండి.” అదే మా చివరి నియమం. 1860 నాటికి రైలు రాజమహల్ చేరింది. ఆట ముగిసేటప్పుడు పిల్లలే చుక్కలను నల్ల గీతగా కలుపుతారు. ఆ గీత పడిన బొమ్మల పక్కగానే వెళ్తుంది.