బెర్గెన్ కౌంటీ ఓటేసిన ఆదివారం

హడ్సన్ నదికి ఇవతల, న్యూజెర్సీ ఈశాన్య మూలన ఉంది మా బెర్గెన్ కౌంటీ. డెబ్భై ఊళ్లు, తొమ్మిదిన్నర లక్షల జనం. వీటిలో పరామస్ అనే ఊరి జనాభా పాతిక వేల పైచిలుకే అయినా, చిల్లర వ్యాపారంలో అమెరికా మొత్తంమీద ముందు వరసలో ఉంటుంది. శనివారం మధ్యాహ్నం రూట్ 4, రూట్ 17 కలిసే చోట కార్లు బారులు తీరి నత్తనడక నడుస్తాయి. తెల్లారి ఆదివారం అవే రోడ్లు ఖాళీ. గార్డెన్ స్టేట్ ప్లాజా మాల్‌లో బట్టల కొట్లన్నీ మూత. ఫర్నిచర్ అమ్మే ఐకియాకు తాళం. దేశంలో ఐకియాలు చాలానే ఉన్నా, ఆదివారం మూసేది పరామస్‌లో మాత్రమే.

కొత్తగా వచ్చిన మన తెలుగువాళ్లు దీన్ని చర్చి పెట్టిన కట్టుబాటు అనుకుంటారు. మొదట్లో అంతే. దుర్వ్యసనాలను, అనైతికతను అణచడానికంటూ 1798లో న్యూజెర్సీ చేసిన చట్టం ఆదివారం పనులెన్నింటినో నిషేధించింది. కానీ 1951లో రాష్ట్రం శిక్షల నిబంధనలు తీసేయడంతో ఆ చట్టం కోరలు పీకిన పామయింది. ఇవాళ మా కొట్లను మూయిస్తున్నది ఆ పాత చట్టం కాదు. మా కౌంటీ జనం తామే ఓటేసి తెచ్చుకున్న చట్టం.

ఆ ఓటు దాకా నడిచిన కథ పరామస్ పొలాల్లో మొదలవుతుంది. ఇక్కడి నల్లనేలలో ఒకప్పుడు సెలరీ విరగపండేది. 1931లో జార్జ్ వాషింగ్టన్ వంతెన తెరుచుకుంది, న్యూయార్క్ నుంచి కార్లు నేరుగా మా పొలాల మధ్యకి వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్లు లేచాయి, వాటి వెనకే కొట్లూ వచ్చాయి. 1957 ఒక్క ఏడాదిలోనే గార్డెన్ స్టేట్ ప్లాజా, బెర్గెన్ మాల్ రెండూ పరామస్‌లో తెరిచారు. అంతకుముందు జనం కొనుగోళ్లకు పక్కనే ఉన్న హాకెన్‌సాక్ మెయిన్ స్ట్రీట్‌కి వెళ్లేవారు. పార్కింగ్ దొరకని ఆ వీధి వ్యాపారులు ఎకరాలకొద్దీ పార్కింగ్ ఉన్న మాల్స్‌తో ఎలా పోటీ పడగలరు? దానికి తోడు, టూ గైస్ లాంటి డిస్కౌంట్ కొట్లు హైవే పక్కన ఆదివారం కూడా తెరిచి అమ్మేవి. తామూ వారానికి ఏడు రోజులు కొట్లో కూర్చుంటే తప్ప నిలవలేమని చిన్న వ్యాపారులు బెదిరిపోయారు. ఇక పరామస్ వాసులకైతే మిగిలిన ఆ ఒక్క రోజైనా తమ ఊరి రోడ్లు తమకు కావాలి. దైవభక్తి కన్నా ఈ రెండు భయాలే బలంగా పనిచేశాయని నా నమ్మకం.

పరామస్ 1957లోనే సొంత నిబంధన చేసుకుంది. 1959లో రాష్ట్ర శాసనసభ కొత్త చట్టం తెచ్చింది. బట్టలు, కలప, ఇంటి నిర్మాణ సామగ్రి, ఫర్నిచర్, ఇంటికీ ఆఫీసుకూ వాడే సామాన్లు, యంత్ర పరికరాలు ఆదివారం అమ్మకూడదు. అయితే ఇది రాష్ట్రమంతటికీ వర్తించదు. ఏ కౌంటీ ఓటర్లు ఒప్పుకుంటే ఆ కౌంటీలోనే అమలు. 1959 నవంబరులో బెర్గెన్ ఓటర్లు ఒప్పుకున్నారు. ఇలా కౌంటీ ఓటుకు వదిలేయడం చెల్లుతుందని మరుసటి ఏడు న్యూజెర్సీ సుప్రీంకోర్టు తేల్చింది. ఒప్పుకున్న మిగతా కౌంటీలు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. బెర్గెన్‌లో మాత్రం 1980లో ఒకసారి, 1993లో మరోసారి రద్దు ప్రశ్న బ్యాలెట్ మీదికి వచ్చినా, రెండుసార్లూ జనం వద్దనే అన్నారు.

అందుకే ఇవాళ్టికీ ఇక్కడి కిరాణా కొట్లో ఆదివారం కరివేపాకు అమ్మొచ్చు గానీ, పక్క అరలో ఉన్న మిక్సీ అమ్మకూడదు. కొన్ని కొట్లలో అమ్మకూడని సరుకున్న వరసలకు తాడు అడ్డం కడతారు. పరామస్ నిబంధన ఇంకా గట్టిది. అక్కడ కొట్లతో ఆగకుండా ఆఫీసు పనుల దాకా వెళ్తుంది. పండక్కి చీర కొనాలంటే మావాళ్లు ఆదివారం మిడిల్‌సెక్స్ కౌంటీకి, ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డుకి పోవాల్సిందే.

దీని భారం అందరి మీదా ఒకేలా పడదు. మా కౌంటీలోనే ఉన్న టీనెక్‌లో సనాతన యూదులు చాలామంది ఉన్నారు. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటిపడే దాకా వాళ్లకు సబ్బత్, పనులు మానే విశ్రాంతి దినం. కొనుక్కోవడానికి మిగిలిన సెలవు రోజు ఆదివారమే, అదీ మూత. ఫిలడెల్ఫియా యూదు వ్యాపారులు ఇదే బాధతో అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లి 1961లో ఓడిపోయారు. అందరికీ ఒకే విశ్రాంతి దినం ఉండాలనుకోవడం మతం కిందికి రాదని కోర్టు అప్పట్లో తేల్చింది. ఆ తీర్పు చట్టాన్ని నిలబెట్టింది, మా పొరుగువాళ్ల ఇబ్బందిని తీర్చలేదు. చట్టాన్ని సమర్థించే నాలాంటివాళ్లు ఈ మాట దాటేయకూడదు.

రాష్ట్ర రాజధాని ట్రెంటన్ నుంచీ ఒత్తిడి వచ్చింది. 2010లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఈ మూత ఎత్తేస్తే ఏడాదికి 6.5 కోట్ల డాలర్ల పన్ను వస్తుందని బడ్జెట్‌లో ప్రతిపాదించి, ఇక్కడి వ్యతిరేకత చూసి మానుకున్నారు. 2012లో శాండీ తుఫాను ఇళ్లను చీకట్లో ముంచినప్పుడు మాత్రం నవంబరు 11న ఒక్క ఆదివారం చట్టాన్ని పక్కన పెట్టారు. అది సరైన పనే. తడిసిన ఇంట్లో కూర్చున్నవాడికి హీటర్, దుప్పటి కావాలి గానీ సూత్రం కాదు.

ఇప్పటి గొడవ మా కౌంటీలోనే ఈస్ట్ రదర్‌ఫర్డ్‌లో ఉన్న అమెరికన్ డ్రీమ్ మాల్ గురించి. 2019లో తెరిచినప్పుడు ఆదివారాలు ఆటపాటలే నడిచేవి, కొట్లు మూసేవారు. తర్వాత కొట్లూ తెరవసాగారు. అది రాష్ట్ర ప్రభుత్వ స్థలమని మాల్ వాదన. చట్టం అందరికీ ఒకటేనంటూ పరామస్ 2025లో కోర్టుకెక్కింది. ఈ విషయంలో నేను పరామస్ పక్షమే. జనం రెండుసార్లు వద్దన్న పనిని పెద్ద వ్యాపారం ఓటు అడగకుండానే చేసుకుపోవడం అన్యాయం.

అయితే అదే న్యాయం మాకూ వర్తిస్తుంది. 1993లో ఓటేసినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అప్పటికి బెర్గెన్‌లో అడుగుపెట్టని కొరియా, ఫిలిప్పీన్స్, భారత కుటుంబాలు ఇవాళ ఇక్కడ ఇళ్లు కొనుక్కుని పన్నులు కడుతున్నాయి. వాళ్లను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. 2,500 మంది ఓటర్ల సంతకాలతో అర్జీ పెడితే అది మళ్లీ బ్యాలెట్ మీదికి వస్తుంది. ఆ అర్జీ నా ఇంటి గుమ్మానికొస్తే సంతకం పెడతాను. నవంబరు ఎన్నికలో మాత్రం రద్దు వద్దనే ఓటేస్తాను. బట్టల కొట్లో పనిచేసే అమ్మాయి ఏ వారమూ ఎవరినీ బతిమాలకుండా ఇంటిపట్టున ఉండగలిగేది ఆ ఒక్కరోజే.