ఊరికి పుస్తకం అలవాటు చేసిన గ్రంథాలయాలు

చదివే అలవాటు లేని ఊళ్లలో పాఠకులను కూడగట్టడమే తెలుగునాట గ్రంథాలయోద్యమం ఎదుర్కొన్న మొదటి సవాలు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య చొరవతో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. చీరాల దగ్గరి నేతపనివారి ఊరు వేటపాలెంలో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి 1918లో నెలకొల్పిన గ్రంథాలయం సారస్వత నికేతనంగా ఎదిగింది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ భద్రపరిచారు.

గుంటూరు జిల్లాలో పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లింది. పాతూరి నాగభూషణం 1935లో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపి, ప్రయాణికులకూ గట్టు మీది ఊళ్లకూ పుస్తకాలు అందించారు.